నాగార్జునకొండ: మనుషుల్లేని దీవిలో మన చరిత్ర ఎక్కడ?

మాచర్లలో బస్సెక్కి విజయపురి సౌత్‌లో దిగి, లాంచీ టిక్కెట్టు తీసుకుని దాదాపు గంటసేపు నీళ్ళమీద పోతే నాగార్జునకొండ వస్తుంది. చుట్టూ కృష్ణ నీళ్ళు, మధ్యలో కొండ, కొండమీద మ్యూజియం. పొద్దున పోయిన ఉద్యోగులు, చూడ్డానికి పోయిన జనం సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. అక్కడ కాపురం వుండే ఊరంటూ లేదు. డిగ్రీ చదివే రోజుల్లో నేను మొదటిసారి పోయినప్పుడు లాంచీలో పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు "ఇది జనం లేని దీవి బాబూ. అప్పుడెప్పుడో బౌద్ధ సన్యాసులుండేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళ రాళ్ళున్నాయి" అన్నాడు. ఆ మాట నాకు బాగానే అనిపించింది.

ఇంటికొచ్చి మా నాయనమ్మతో చెప్పాను. ఆమె పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో సాగర్ డ్యాం పనికి పోయి రాళ్ళు మోసిన మనిషి. దీవిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. "నిన్ను తీసుకుపోతా నాయనమ్మా" అంటే, "రాళ్ళు మోసినోళ్ళకి మళ్ళీ రాళ్ళు చూసేదేముందిరా అబ్బయ్యా? నీళ్ళడుగున ఊళ్ళున్నయ్యి, అయ్యి చూపిస్తారా?" అంది.

పరిశోధనలోకి వచ్చిన తర్వాత నాగార్జునకొండ మీద నాకు దొరికిన పుస్తకాలన్నీ చదివాను. లాంచీలో పెద్దాయన అన్న మాట వాటిల్లో రకరకాల పండిత భాషల్లో కనిపించింది. మా నాయనమ్మ అడిగిన ప్రశ్న మాత్రం ఎక్కడా ఎదురుకాలేదు. ఇది జనం లేని దీవి కాదు, జనాన్ని తీసేశాక మిగిలిన దీవి. ఈ రెండు మాటలకూ మధ్య చాలా తేడా వుంది. మొదటి మాటలో చరిత్ర ఇక్ష్వాకులతో మొదలై ఇక్ష్వాకులతో అయిపోతుంది. రెండో మాట అంటే రాళ్ళు చెక్కినోళ్ళు, తవ్వినోళ్ళు, మోసినోళ్ళు, మునిగినోళ్ళు అందరి లెక్కా చెప్పాల్సి వస్తుంది. ఆ లెక్కను దళిత దృక్పథం నుంచి ఎట్లా మొదలుపెట్టాలి అన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న విషయం.

లోయ దీవి ఎట్లా అయింది

నాగార్జునకొండ మొదటినుంచీ దీవి కాదు. మూడువైపులా నల్లమల కొండలు, ఒకవైపు కృష్ణానది వున్న ఒక లోయలో అదొక కొండ. లోయ అడుగున పొలాలుండేవి, పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలుండేవి, కొండల అంచుల్లో తండాలుండేవి. అప్పటి గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలోది ఈ ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఈ దీవి ఆ జిల్లాలోకి వచ్చింది.

మనుషులు ఈ లోయను ఎన్నుకోవటం ఇక్ష్వాకులతో మొదలు కాలేదు. పాతరాతియుగం పనిముట్లు, కొత్తరాతియుగం నివాసాలు, పెద్ద బండలతో కట్టిన రాక్షసగుళ్ళు ఇక్కడి తవ్వకాల్లో దొరికాయి. రాజులూ శాసనాలూ లేని కాలంలోనే ఇక్కడ జనం పశువుల్ని మేపుకున్నారు, చనిపోయినవాళ్ళకు రాళ్ళు పేర్చి గుర్తు పెట్టుకున్నారు. శాతవాహనుల తర్వాత మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు విజయపురి అనే పేరుతో ఇక్కడ రాజధాని కట్టుకున్నారు. దాదాపు వందేళ్ళు వాళ్ళ పాలన నడిచింది. మధ్యయుగాల్లో కొండమీద కోట లేచింది. ఆ తర్వాత లోయ మళ్ళీ పల్లెల చేతికొచ్చింది.

స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఇక్కడి పాత స్తంభం సంగతి ప్రభుత్వానికి తెలియజేశాడని, మద్రాసు శాసన శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి 1926లో వచ్చి శిథిలాలను గుర్తించాడని చెబుతారు. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వించాడు. "కనుగొన్నారు" అనే మాట ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఆ స్తంభాల పక్కన గొడ్లు కాసినవాడికి, ఆ దిబ్బల మీద నాగలి తోలినవాడికి అవి అంతకుముందే తెలుసు. ప్రభుత్వ కాగితాల మీదికి ఎక్కిన రోజునే చరిత్ర పుట్టిందనుకోవటం చదువుకున్న మనకు పట్టిన జబ్బు.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ఆలోచన చాలాకాలం నలిగి, ఖోస్లా కమిటీ పరిశీలన తర్వాత ఖాయమైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. లోయ మునగటం అంతకుముందే తేలిపోయింది కనుక 1954లోనే పెద్దఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అవి 1960 దాకా సాగాయి. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, దేవాలయాలు, స్నానఘట్టాలు, చుట్టూ మెట్లున్న ఒక రంగస్థలం, కంసాలి పనిచేసిన తావు, రోమన్ నాణేలు బయటపడ్డాయి. ముఖ్యమైన కొన్ని కట్టడాలను రాయిరాయికీ గుర్తులు పెట్టి విడదీసి కొండమీదికి, ఒడ్డునున్న అనుపుకి తరలించి మళ్ళీ కట్టారు. కొన్నింటికి చిన్న నమూనాలు చేశారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ జలాశయమైంది, కొండ దీవి అయింది.

అంటే ఈ దీవి వయసు అరవై ఏళ్ళు. మా నాయనమ్మ కంటే చిన్నది.

శాసనాలు ఎవరి పేర్లు చెబుతున్నాయి

నాగార్జునకొండ శాసనాలు ప్రధానంగా దానశాసనాలు. వాటిలో ఆడవాళ్ళ పేర్లు అంతగా కనపడటం చూసి చరిత్రకారులందరూ ఆశ్చర్యపోయారు. ఇక్ష్వాకు రాజ్యాన్ని స్థాపించిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ, ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. 106 అడుగుల వ్యాసంతో బండిచక్రం ఆకుల్లాగా లోపల గోడలు కట్టిన స్తూపమది. అందులో దొరికిన ధాతువును సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు. భట్టిదేవ బహుశ్రుతీయులకు, కొడబలిశ్రీ మహీశాసకులకు విహారాలు కట్టించారు. రాజకుటుంబానికి చెందని బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, ద్రవిడ దేశాల పేర్లున్నాయి. పల్నాడు వెనకబడిన మూల అని ఇప్పుడంటున్నారు గానీ, ఈ లోయకు ఒకప్పుడు లోకమంతటితో రాకపోకలున్నాయి.

అదే కుటుంబంలో మగవాళ్ళ దారి వేరు. శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడినని చెప్పుకున్నాడు. అశ్వమేధానికి సంబంధించిందని భావించిన పుష్కరిణి కూడా లోయలో బయటపడింది. రాజు యాగం చేస్తాడు, రాణి విహారం కడుతుంది. రెండింటికీ ఖర్చు ఒకే బొక్కసం నుంచి, ఒకే పొలాల మీద నుంచి వస్తుంది.

శాంతమూలుడి బిరుదుల్లో ఒకటి మనం ఆగి చదవాలి. కోట్లకొద్దీ బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళు దానం చేసినవాడు అని శాసనాలు అతన్ని పొగుడుతాయి. లక్ష అనేది పొగడ్తే కావచ్చు. అయినా ఆ పొగడ్తలో నాగలి వుంది. నాగలి అంటే ఇక్కడ దున్నదగిన భూమి. అడవి కొట్టి పొలం చేయటం, పొలాన్ని దానమివ్వటం ఆ కాలపు రాజ్యానికి పునాది. అడవి కొట్టిందెవరు? ఆ నాగళ్ళు తోలిందెవరు? శాసనంలో నాగలికి చోటు దొరికింది గానీ నాగలి పట్టినవాడికి దొరకలేదు.

పనిచేసేవాళ్ళు పూర్తిగా మాయమైపోలేదు కూడా. శాశ్వత దానాల వడ్డీ బాధ్యతను తమలపాకుల శ్రేణికి, పిండివంటలు చేసేవాళ్ళ శ్రేణికి అప్పగించిన దాఖలా వుంది. చనిపోయినవాళ్ళ గుర్తుగా ఎత్తిన ఛాయాస్తంభాలు ఈ లోయ ప్రత్యేకత. రాజుకు, సేనానులకు, యుద్ధంలో పడిపోయిన సైనికులకు నిలబెట్టిన ఆ స్తంభాల్లో ఒక శిల్పికి ఎత్తినదీ వుంది. రాయి చెక్కినవాడికి రాయిమీద చోటు దొరికిన అరుదైన సందర్భమది. దళిత బహుజన పరిశోధకులు మహాచైత్యం దగ్గర ఎంతసేపు నిలబడతారో ఆ స్తంభం దగ్గర కూడా అంతసేపు నిలబడాలి.

ఆ రాయి సంగతి కూడా చెప్పుకోవాలి. లోయ శిల్పాలన్నీ కాస్త ఆకుపచ్చ, కాస్త తెలుపు కలిసిన పలనాటి సున్నపురాతిలో చెక్కినవి. అదే జాతి రాయి ఈనాడు మాచర్ల, దాచేపల్లి గనుల్లో నాపరాయిగా, సిమెంటు ముడిసరుకుగా లేస్తోంది. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నంగా కాలుతోంది. బట్టీ పొగలో తట్ట మోసే ఆడమనిషికి, అదే రాయి మీద బుద్ధుడి జీవితగాథ చెక్కారని చెప్పినవాళ్ళెవరూ లేరు.

"మన వారసత్వం" అనే మాట గురించి

దళిత ఉద్యమంలో వున్న మనకు నాగార్జునకొండ అనగానే గుండె ఉప్పొంగుతుంది. బుద్ధుడు మనవాడు, కాబట్టి ఈ కొండ మనది అంటాం. ఈ వాదానికి బలమైన ఆధారం అంబేద్కర్. అంటరానివాళ్ళెవరు అనే ప్రశ్న మీద 1948లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. తెగల నుంచి చెదిరిపోయి ఊరి అంచుల్లో బతికిన జనం బౌద్ధాన్ని వదులుకోనందుకూ బ్రాహ్మణుణ్ణి గౌరవించనందుకూ అంటరానివాళ్ళుగా వెలివేయబడ్డారని ఆయన వాదన సారాంశం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది జనంతో ఆయన బౌద్ధం తీసుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ లోయలో తవ్వకాలు నడుస్తున్నాయి. అక్కడ నాగపూర్‌లో ధమ్మం మనుషుల్లోకి తిరిగొస్తోంది, ఇక్కడ పల్నాడులో ధమ్మపు నేల నీళ్ళలోకి పోవటానికి సిద్ధమవుతోంది. రెండో సంగతి జరుగుతుంటే ఈ నేల మీది మాల మాదిగలకు మొదటి సంగతి తెలిసే వీలు ఎంత వుండేదో మనం ఊహించుకోవచ్చు.

అయితే పరిశోధకులుగా మనం ఒక నిజం ఒప్పుకోవాలి. అంబేద్కర్ సిద్ధాంతాన్ని ఈ లోయ శాసనాలు రుజువు చేయవు, కొట్టివేయవు. అంటరాని జనం గురించి అవి మాట్లాడవు. ఇక్ష్వాకు రాణులు మన పూర్వీకులని చెప్పటానికీ ఆధారం లేదు. రక్తసంబంధం మీద హక్కు అడిగితే, అగ్రవర్ణాలు వంశవృక్షాలతో ఆడే ఆటనే మనమూ ఆడినట్టవుతుంది. ఆ ఆటలో మనం గెలవం, గెలిచినా లాభం లేదు.

శంకరాచార్యుడి కథ కూడా అట్లాంటిదే. ఆయన శిష్యబృందంతో వచ్చి ఈ బౌద్ధ కట్టడాలను ధ్వంసం చేశాడని స్థానికులు చెప్పుకునేవాళ్ళని లాంగ్‌హర్స్ట్ తన 1938 నాటి పుస్తకంలో రాశాడు. మన సభల్లో దీన్ని చాలామంది రుజువైన సత్యంలా చెబుతారు. శంకరుడి కాలం ఎనిమిదో శతాబ్దం అంటారు. విజయపురి వైభవం నాలుగో శతాబ్దంలోనే ముగిసింది. కాబట్టి ధ్వంసం కథను అట్లాగే నమ్మటానికి లేదు. కానీ అదే చోట లాంగ్‌హర్స్ట్ ఇంకొక సంగతి రాశాడు. మనవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. లోయలోని సాగుభూములు శంకరాచార్య పీఠానికి మతపరమైన ఈనాం అని, ఆనాటి పీఠాధిపతి అనుమతితోనే తను తవ్వకాలు జరపగలిగానని. ఇది పుక్కిటి కథ కాదు, భూమి సంగతి. బౌద్ధ శిథిలాల మీది పొలం బ్రాహ్మణ పీఠం చేతిలో వుంది, దాన్ని దున్నే జనం వేరే వున్నారు. ఎవరు ఎవర్ని పడగొట్టారు అనే ప్రశ్న కంటే భూమి ఎవరి పేర వుంది, చెమట ఎవరిది అనే ప్రశ్న మనకు ఎక్కువ పనికొస్తుంది.

కాబట్టి ఈ కొండ మీద మన హక్కు రక్తం నుంచి రాదు, పని నుంచి వస్తుంది. ఈ లోయలో ప్రతి యుగంలోనూ రాయి కదిలించిన చేతులున్నాయి. ఆ చేతుల వారసత్వం మనది. ఈ మాటకు వంశవృక్షం అక్కర్లేదు.

తవ్వినోళ్ళు, కట్టినోళ్ళు

తవ్వకాల నివేదికల్లో తవ్వించినవాళ్ళ పేర్లుంటాయి. అది ఆ శాస్త్రం అలవాటు, ఒక్క నాగార్జునకొండకే పరిమితమైంది కాదు. "తవ్వబడింది", "తొలగించబడింది", "బయల్పడింది" అని వాక్యాలు నడుస్తాయి. ఎవరు తవ్వారు అని వాక్యాన్ని అడిగితే జవాబు రాదు. గడ్డపార వేసింది, తట్ట ఎత్తింది, బండరాళ్ళను మోకులు కట్టి కొండమీదికి లాగింది కూలీలు. వ్యాకరణం కూడా వాళ్ళను మింగేసింది.

డ్యాం సంగతి ఇంకా పెద్దది. దాదాపు 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ప్రపంచంలో రాతికట్టుతో కట్టిన పెద్ద ఆనకట్టల్లో ఇదొకటి. యంత్రాల కంటే మనుషుల్ని నమ్ముకుని కట్టిన డ్యాం అని ఇంజనీర్లు గర్వంగా చెబుతారు. మనుషుల్ని నమ్ముకోవటం అంటే ఏమిటో పాలమూరు కూలీలను అడగాలి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ముఠాలు ముఠాలుగా మేస్త్రీల కింద వచ్చినవాళ్ళు వాళ్ళు. గుంటూరు, నల్లగొండ జిల్లాల పల్లెల నుంచి కూడా మాల మాదిగ గూడేలు, తండాలు పనికి కదిలాయి. ప్రాజెక్టు కోసం పోరాడిన ముక్త్యాల రాజాను జనం గుర్తు పెట్టుకున్నారు, పెట్టుకోవాల్సిందే. ఇంజనీర్ల పేర్లున్నాయి. శంకుస్థాపన చేసిన నెహ్రూ పేరుంది. ఈ కట్టడాన్ని ఆయన మానవాళికి కడుతున్న గుడితో పోల్చాడని చెబుతారు. గుడి కట్టినవాళ్ళు గుడి బయటే వుండిపోవటం మన దేశంలో కొత్త సంగతి కాదు.

మా నాయనమ్మ చెప్పేది ఇట్లా వుంటుంది: "పొద్దు పొడవకముందే సద్ది కట్టుకుని పొయ్యేవోళ్ళం. నెత్తిన చుట్టకుదురు, దానిమీద రాయి. సారువ మీద మనిషి ఎనక మనిషి. ఒకరు ఆగితే ఎనకోళ్ళందరూ ఆగాల. అందుకని ఆగేదానికి లేదు. పిల్లతల్లులు పాలిచ్చేదానిక్కూడా మేస్త్రీని అడుక్కోవాల." ఆమె మాటల్లో గర్వం వుంది, బాధా వుంది. సాగర్ కాలవ పక్కన పచ్చటి పొలాలు చూసినప్పుడల్లా "ఈ నీళ్ళు నేను దెచ్చినయ్యే" అంటుంది. ఆ నీళ్ళు పారే సెంటు భూమి కూడా మాకు లేదు.

ఆ నీళ్ళు ఎవరికి పారాయి అన్నది పల్నాడు వాళ్ళకు బాగా తెలుసు. కుడికాలువ దిగువ పొలాలకు నీళ్ళిచ్చింది. జలాశయానికి దగ్గర్లోనే వున్న వెల్దుర్తి లాంటి మెట్ట మండలాలు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలు ఎదురుచూశాయి. 2023 నవంబర్‌లో కూడా దానికి శంకుస్థాపన జరిగింది. నీళ్ళు వచ్చిన చోట భూమి ధర పెరిగింది, కౌలు పెరిగింది, భూమి వున్న కులాల బలం పెరిగింది. 1985లో కారంచేడు, 1987లో నీరుకొండ, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది కాలువల కింద పండే కోస్తా జిల్లాల్లోనే. అన్నింటికీ ఒకే కారణం అని నేననటం లేదు. నీటి చరిత్ర రాసేటప్పుడు ఈ ఊళ్ళను వదిలేసి రాస్తే అది సగం చరిత్రే అవుతుందంటున్నాను.

నీళ్ళడుగున ఊళ్ళు

మునిగిన పల్లెల జనాన్ని లేపినప్పుడు అమల్లో వున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టం దృష్టిలో నష్టపోయేవాడు అంటే భూమి మీద హక్కు వున్నవాడు. పొలం పట్టా వున్నవాడికి పరిహారం. ఆ పొలంలో పాలేరుగా, కూలీగా బతికేవాడికి ఆ చట్టం కింద నష్టం జరగనట్టే లెక్క. మాదిగవాడికి పోయింది పొలం కాదు, పొలంలో పని. పోయింది చర్మాల ఊబి, కల్లంలో రావాల్సిన గింజలు, గొడ్లు మేసే బంజరు, తాతలను పాతిపెట్టిన దిబ్బ. వీటికి పట్టా వుండదు. భూమిలేని కూలీని కూడా నష్టపోయిన కుటుంబంగా గుర్తించే చట్టం 2013లో గానీ రాలేదు, 2014 జనవరి నుంచి గానీ అమలు కాలేదు. ఈ లోయ ఖాళీ అయి అప్పటికి అర్ధశతాబ్దం గడిచింది.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. ఈజిప్టులో అస్వాన్ దగ్గర నైలునది మీద పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్ళను 1964 నుంచి 1968 దాకా ముక్కలుగా కోసి పైకి తరలించారు. ప్రపంచమంతా చందాలిచ్చింది. దాదాపు ఆ కాలంలోనే మన నాగార్జునకొండలో కూడా ఇట్లాంటి తరలింపు జరిగింది. ఈ విషయంలో మనవాళ్ళ సామర్థ్యం ఎవరికీ తీసిపోదు. అయితే అక్కడ కూడా గుళ్ళతో పాటు నూబియన్ ప్రజలు దాదాపు లక్షమంది ఊళ్ళు వదిలి కదలాల్సి వచ్చింది. వాళ్ళు ఊరుకోలేదు. పాటల్లో, కథల్లో, ఉద్యమాల్లో తమ మునిగిన ఊళ్ళను బతికించుకుంటూ వచ్చారు. 1997లో అస్వాన్‌లో తెరిచిన నూబియా మ్యూజియంలో రాతివిగ్రహాలతో పాటు నూబియన్ల ఇల్లూ వాకిలీ, పెళ్ళీ పంటా కూడా చోటు చేసుకున్నాయి.

నాగార్జునకొండ మ్యూజియం కట్టింది ఇక్ష్వాకుల రాళ్ళను కాపాడటానికి. ఆ పని అది చేసింది. అందులో లోయ నమూనా ఒకటుంది, దాంట్లో చూపించేది ప్రాచీన లోయను. 1950లలో వున్న లోయ కథ చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. 2022 మేలో జలాశయానికి అవతల, తెలంగాణ ఒడ్డున 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు. బుద్ధుడికి రెండు రాష్ట్రాల్లోనూ చోటు దొరకటం సంతోషమే. కానీ పర్యాటకానికి కావాల్సింది ధ్యానంలో వున్న బుద్ధుడు. ఎందుకు బాధపడుతున్నావు అని మనిషిని అడిగిన బుద్ధుడు దానికి అంతగా అక్కర్లేదు.

చరిత్ర దాచుకోవటం మనకు చేతకాదా?

మునిగిన ఊళ్ళ కథ ఎందుకు రాయలేదంటే, వాళ్ళు చదువులేని జనం, రికార్డులు లేవు అనే జవాబొస్తుంది. పల్నాడులో ఈ జవాబు చెల్లదు. పన్నెండో శతాబ్దంలో కారంపూడిలో జరిగిన పలనాటి యుద్ధం కథను ఎనిమిది వందల ఏళ్ళ పాటు గొంతులో మోసుకొచ్చినవాళ్ళలో మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు ముఖ్యులు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ 1982లో పలనాటి కథ మీద వేసిన పుస్తకానికి ఆధారం అట్లాంటి గాయకుడు పాడిన పాటే. బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కన్నమదాసు వీరత్వం ముందుగా బతికింది ఈ గొంతుల్లో. కారంపూడి వీరుల గుడి ఉత్సవాల్లో ఆ పాట లేకపోతే పండగే లేదు.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1966లో "నాగార్జునసాగరం" అనే కావ్యం అచ్చువేశాడు. కులం పేరుతో అవమానాలు పడిన పల్నాటి కవి, తన నేల మీది జలాశయాన్ని కావ్యవస్తువుగా తీసుకున్నాడు. అంటే పాడే గొంతూ మనకుంది, రాసే కలమూ మనకుంది. లేనిదల్లా అడిగేవాళ్ళు. విశ్వవిద్యాలయాల్లోకి మొదటి తరంగా అడుగుపెట్టిన మనం కూడా అడగలేదు. పరిశోధన అంశంగా డ్యాం కూలీల జ్ఞాపకాలు తీసుకుంటానని నేను ఒకచోట అడిగినప్పుడు "ముసలాళ్ళ మాటలు ఆధారాలెట్లా అవుతాయి" అన్నారు. ఆ మాటకు నోరు మూసుకుని నాలుగేళ్ళు శాసనాలు చదివాను. చదివినందుకు నష్టమేమీ లేదు. శాసనం కూడా ఎవరో ఒకరు తమ గురించి తాము చెప్పుకున్న మాటేనని అట్లా తెలిసింది. రాతిమీద వున్నంత మాత్రాన అది సత్యం కాదు, నోట్లో వున్నంత మాత్రాన ఇది అబద్ధం కాదు. రెండింటినీ ఒకే గీటురాయి మీద గీసి చూడాలి.

ఇప్పుడు చేయాల్సింది

పెద్ద పెద్ద డిమాండ్ల కంటే ముందు మన చేతిలో వున్న పని చేద్దాం. మునిగిన ప్రతి పల్లె పేరూ, అందులోని ప్రతి గూడెం పేరూ, ప్రతి తండా పేరూ రాసుకోవాలి. లేచిపోయిన జనం ఎక్కడెక్కడ స్థిరపడ్డారో మాచర్ల, గురజాల ప్రాంతాల్లోనూ నల్లగొండ వైపూ తిరిగి కనుక్కోవాలి. పట్టా వున్నవాడికి ఏం దొరికిందో, లేనివాడికి ఏం దొరికిందో రెవెన్యూ కాగితాలతో సరిచూడాలి. డ్యాం పనికి పోయిన ఆడవాళ్ళ, మగవాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే రికార్డు చేయాలి. ఆ తర్వాత మ్యూజియాన్ని అడుగుదాం: లాంచీ దిగే చోట ఒక్క పలక పెట్టండి, ఈ నీళ్ళ కింద ఫలానా ఊళ్ళున్నాయి అని రాయండి అని. బుద్ధుడికి అది అపచారం కాదు.

ఈ పనికి గడువుంది. 1960లో పద్దెనిమిదేళ్ళున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటాయి. శాంతిశ్రీ శాసనం ఇంకో వెయ్యేళ్ళు వుంటుంది, దానికి తొందర లేదు.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు టేప్ రికార్డర్‌కి బదులు ఫోను ముందుపెట్టి కూర్చున్నాను. డ్యాం పనికి తనతో పాటు నడిచి పోయినవాళ్ళ పేర్లు మా నాయనమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. పదకొండు పేర్లు చెప్పి ఆగింది. పన్నెండో మనిషి మొహం గుర్తుందట, మెడలో పూసల దండ గుర్తుందట, పేరు గుర్తు రావటం లేదట. "పోయినేడాది అడిగుంటే చెప్పేదాన్నిరా అబ్బయ్యా" అంది.